ఎండలో రెండు నలుపులు

రేపు సోము పెళ్లి. జింగనూర్ నుంచి నల్లకోటు, ప్యాంటుకు నల్లగుడ్డ పట్టుకొని సిరొంచలో దర్జీ మోయిజ్ దగ్గరికి వచ్చాడు.

"గీ కోటు మీదికి గీ గుడ్డ నేను కుట్ట," అన్నాడు మోయిజ్.

"గదేంది చిచ్చా? నలుపుకు నలుపే గదా!"

పక్కనే బల్ల మీద కూర్చున్న ముసలోణ్ణి, నేను ఊరుకుంటానా? "మా తాత గట్లనే తొడిగిండు బిడ్డా. కోటుకు, ప్యాంటుకు పడక నడిబజార్ల కొట్లాడుకున్నయి," అన్నాను.

"నవ్వకు తాతా. పిల్ల తరఫోళ్ల ముంగట నా ఇజ్జత్ పోవద్దు."

మోయిజ్ రెంటినీ ఎండలో పక్కపక్కన పట్టాడు. కోటు నలుపులో నీలం, గుడ్డ నలుపులో గోధుమరంగు కనిపించాయి. సోము మొహం వాడిపోయింది.

"జత కానిదాన్ని జత అని ఎందుకు నమ్మించాలె? వేరేదని తెలిసేటట్టే కుడత," అంటూ మోయిజ్ బూడిదరంగు గుడ్డ దించాడు.

సోము దాన్ని కూడా ఎండలో కోటు పక్కన పెట్టి చూశాడు.

"కుట్టు చిచ్చా. తొడుక్కునే పోత," అని మిషన్ ఎదుటే కూర్చున్నాడు.