గాలి బాగున్నప్పుడు రాసే రిపోర్టు

“ఏటే, ఫేక్టరీ క్లోజా?” అంటూ మా అత్త అచ్చియ్యమ్మ డాబా మెట్లు దిగింది. షేర్లు కొన్నవాళ్ళకి కంపెనీ మంచిచెడ్డలు చెప్పే డిస్‌క్లోజర్ చిత్తు ఈ వారం పూర్తవ్వాలని మా ఆయనతో అంటుంటే, ఆవిడకి వెనక ముక్కే వినబడింది.

“మూత కాదత్తా, మూత తియ్యడం.”

“ఏదైతే ఏటి, ముందు బట్టలు తియ్యి. నుసి పడతంది.”

చోడవరంలో మా పంచదార మిల్లు నడిచినన్నాళ్ళూ చెరకుపిప్పి కాల్చిన బూడిద డాబాల మీద రాలుతూనే ఉంటుంది. ఉతికినవే మళ్ళీ ఉతుకుతాను. మా ఆయన ఉమామహేష్ చొక్కా ఎత్తి చూసి, “ఇది ఉతికేవేటి, మసిలో ముంచేవేటి?” అంటాడు. ఆ మిల్లు అకౌంట్స్‌లోనే నా ఉద్యోగం, ఏటేటా వార్షిక నివేదిక రాయడం. ఇంట్లోనూ అదే పొగ, ఆఫీసులోనూ అదే పొగ. ఇంట్లో పొగకి జీతం లేదు, అంతే తేడా. దగ్గితే రెండుచోట్లా “మెల్లిగా దగ్గు” అనే అంటారు.

ఈ ఏడు చిమ్నీ ఫిల్టర్ పాడైంది. ఎవరూ బాగు చేయించలేదు. పక్కూరు వడ్డాది నుంచి ఫిర్యాదులొచ్చాయి, ఆ వెనకే కాలుష్య నియంత్రణ మండలి నోటీసొచ్చింది. ఫిబ్రవరిలో దగ్గుతూనే అదంతా చిత్తులో రాశాను. మేనేజర్ గౌరీశంకర్ గారు చదివి నవ్వారు. “పొగలో రాస్తే ఏడుపే వస్తాదమ్మా ఝాన్సీ, ఆడోళ్ళకి మరీని. మిల్లు ఆగేక, గాలి బాగున్నప్పుడు మళ్ళీ రాద్దువులే.”

ఏటా ఇదే ఆనవాయితీ. మిల్లు ఆగి, ఓ వాన పడి, ఆకులు పచ్చబడ్డాక చిత్తు బయటికి తీయిస్తారు. మసి పూసి మారేడుకాయ చేయడం లోకానికి తెలిసిన విద్య. మసి తుడిచి చేయడం మా ఆఫీసులోనే నేర్చుకున్నాను. ‘చెప్పుకోదగ్గ సమస్యలేవీ లేవు.’ నాకు ఆ వాక్యం నోటికొచ్చు, ఎలా ఉన్నావని మా అమ్మ అడిగినా అదే చెబుతాను కదా. ఆడపడుచు అడిగితే ఆ శ్రమ కూడా లేదు, మా ఆయనే చెప్పేస్తాడు: “దానికేటి, రాయిలాగుంది.” రాసేది నివేదిక కాదు, నైవేద్యం. తినేవాళ్ళకి నచ్చిందే పెట్టాలి. ఈసారి మాత్రం చెయ్యి కదల్లేదు. పొగలో నేను రాసింది ఏడుపైతే, పొగలో నేను బతికిన బతుకేమిటి?

మే నెలాఖరున ఆడిటర్ శాలోమి గారు వచ్చారు. “నీకెందుకొచ్చిన తగువు? ఉద్యోగం పోగలదు” అని మా ఆయన పొద్దున్నే హెచ్చరించి పంపాడు.

“వాటాదారులకి చెప్పాల్సిన ఇబ్బందులేమైనా ఉన్నాయా?” అడిగారావిడ.

“ఏమీ లేవండి” అన్నారు గౌరీశంకర్ గారు.

“ఉన్నాయండి” అన్నాను. “సీజనంతా చిమ్నీ ఫిల్టర్ పనిచెయ్యలేదు. నోటీసు వచ్చింది. బాగు చెయ్యకపోతే వచ్చే సీజన్‌లో మిల్లు నడవనివ్వరట.”

గౌరీశంకర్ గారు నవ్వబోయి ఆగారు. “ఇదేటమ్మా, ఇప్పుడు గాలి బాగానే ఉంది కదా!”

“బాగానే ఉందండి. అందుకే దగ్గు రాకుండా మొత్తం చెప్పగలిగాను.”