మూలకు పోయిన గొర్రెలు

మఖ్లూఫ్ మాస్టారి గొర్రెలు మందను విడిచి ఓ మూలకు పోయి నిలబడ్డాయి. నిజం గొర్రెలు కావు లెండి. నిజం వాటిని కాన్‌స్టాంటైన్ ఊరి జనం ఏ బక్రీదుకు ఆ బక్రీదు కోసుకుని, తలకాయ కూర వండుకుని తినేశారు. మాస్టారు అడిగారని ఆయన వీధి ఆడవాళ్ళు తలకాయల్ని పగలగొట్టకుండానే ఉడికించి, పుర్రెల్ని పశువైద్య కళాశాలకు మోసుకొచ్చేవారు. "మా పొట్టేలండీ, మహా పొగరుబోతు" అని పొగిడి మరీ ఇచ్చేవారు. ఆ పుర్రెల్ని మాస్టారూ, అక్కడే పాఠాలు చెప్పే ఆయన భార్య జౌహరూ చెరిసగం పంచుకున్నారు. కంప్యూటరుకు తగిలించిన, కీళ్ళున్న ఇనుప చేతి మొనతో కంటిగూడు అంచు, కొమ్ము మొదలు, దవడ చివర అంటూ ఒక్కో గుర్తునూ వరసగా తాకారు. తాకిన ప్రతి చోటుకూ మూడు అంకెలు పడేవి: అడ్డం, నిలువు, లోతు.

ఆ అంకెలన్నీ ఏనాటిదో ఓ ప్రోగ్రాము ఫైళ్ళలో ఉండిపోయాయి. ఇప్పుడు పొరుగు దేశాల నుంచి ట్యూనిస్ వాళ్ళూ రబాత్ వాళ్ళూ తమ గొర్రెల్ని కూడా కలిపి ఆకారాలు పోల్చి చూద్దామన్నారు. పాత ఫైళ్ళను కొత్త పద్ధతిలోకి మార్చే పని మాస్టారి శిష్యురాలు నువారా నెత్తిన పడింది. పిల్ల ఓపిగ్గా చేసింది. దశాంశం దగ్గర కామాలు తీసి చుక్కలు పెట్టింది, విరిగిపోయి కొలవని గుర్తులకు 'లేదు' అని రాసింది. తీరా తెర మీద ఒక్కో పుర్రె ఒక్కో చుక్కగా పరుచుకున్నాక చూస్తే, జౌహర్ కొలిచినవి అందరి గొర్రెలతో కలిసిపోయాయి. మాస్టారివి మాత్రం దూరంగా ఓ మూలన కుప్పపడ్డాయి.

ట్యూనిస్ నుంచి, అక్కడి గొర్రెల లెక్కలు చూసే శాకిర్ ఫోను చేశాడు. "ఆ కుప్ప తీసేద్దాం నువారా. పెద్దాయన చెయ్యి వణికి ఉంటుంది."

"వణికేది మీ చెయ్యి!" అని నువారా ఫోను పెట్టేసింది. కానీ ఇద్దరిదీ అదే రోలు, అదే రోకలి. జౌహర్ పిండి మెత్తగా వచ్చి మాస్టారిది మాత్రం పాడైందంటే తప్పు రోలుది కాదు గదా? వచ్చే నెలలో పదవీ విరమణ చేయబోయే మనిషి. బతుకంతా పెట్టి చేసిన పని చెత్తబుట్టలోకేనని ఏ నోటితో చెప్పడం? లాప్‌టాప్ చంకన పెట్టుకుని మాస్టారింటికి నడిచింది.

జౌహర్ పళ్ళెం నిండా రొట్టెముక్కలు కూరలో నానేసిన షఖ్‌షూఖా పెట్టి, "తినవే, ఆ గొర్రెలు నిన్ను మేసేసినట్టున్నాయి" అంది. పిన్ని వరసలో 'ఖాల్తీ' అని పిలిచే ఆవిడ దగ్గర నువారాకు ఏదీ దాగదు. కుప్ప సంగతంతా చెప్పేసింది. మాస్టారు కుడిచేతిలో ముద్ద అలాగే పట్టుకుని ఉండిపోయారు.

"అంతా తప్పేనంటావా తల్లీ?" అన్నారు. ఆ గొంతు వినలేకపోయింది నువారా. ఆయన లేచి, నారింజ ఒలుచుకొస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

కాసేపటికి మంచినీళ్ళ కోసం వెనకే వెళ్ళింది నువారా. మాస్టారి ఎడమచేతిలో చాకు చకచకా తిరుగుతోంది. తొక్క తెగకుండా ఒకటే పొడుగ్గా దిగుతోంది. పిల్లను చూడగానే చాకు ఠంగుమని కిందపడింది.

"దొరికాడు దొంగ!" వెనక నుంచి జౌహర్ నవ్వింది. "పుర్రచేతి వాటమే ఈయనది. చిన్నప్పుడు ఖురాన్ బడిలో పాఠం చెప్పే తాలెబు ఆ చేతిమీద ఆలివ్ బెత్తం విరగ్గొట్టాడట. అప్పట్నుంచీ నలుగురిలో అన్నీ కుడిచేత్తోనే. అందుకే బోర్డు మీద ఆ కోడి గెలుకుళ్ళు!"

నువారా గబుక్కున ఇటు తిరిగింది. "మాస్టారూ, ఆ ఇనుప చెయ్యి ఏ పక్కన పెట్టుకునేవారు?"

"ఎడమ పక్క. తలుపు వేసుకుని."

"అయ్యో, తలుపు వేసుకునేది సిగరెట్ల కోసం అనుకున్నానే!" అంది జౌహర్.

"గుర్తులు ఎటు నుంచి మొదలుపెట్టేవారు?"

"చేతికి దగ్గరున్న వైపు నుంచి. ఎవరైనా అంతేగా?"

అంతే మరి. జౌహర్ ఒకటో గుర్తు గొర్రె కుడి కన్ను. మాస్టారి ఒకటో గుర్తు ఎడమ కన్ను. ప్రోగ్రాముకేం తెలుసు పాపం, ఆయన గొర్రెలన్నీ అద్దంలో గొర్రెలనుకుంది. నువారా అక్కడే బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, మాస్టారి ఫైళ్ళను మార్చేటప్పుడు కుడి ఎడమల వరస తారుమారు చేయమని రాసింది. మళ్ళీ నడిపింది. చుక్కలన్నీ వచ్చి మందలో కలిశాయి. నువారా గట్టిగా అరిచి ఖాల్తీని వాటేసుకుంది.

"కానీ వరస ఎందుకు మార్చామో ఫైలు మొదట్లో రాయాలి మాస్టారూ."

ఆయన ముఖం మళ్ళీ చిన్నబోయింది. "యంత్రం తప్పని రాసెయ్ తల్లీ. మూడు దేశాల వాళ్ళు చూస్తారు."

"అబద్ధం రాస్తే మీ గొర్రెల్ని ఎవరు నమ్ముతారు? నాకవి కావాలి. అన్నీ కావాలి."

"ఏమయ్యా మఖ్లూఫ్," జౌహర్ గొంతు మెత్తబడింది. "ఆ తాలెబు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాడు. బెత్తం కూడా పుచ్చిపోయి ఉంటుంది. ఇంకా ఎవర్ని చూసి భయం నీకు?"

మాస్టారు చేతికంటిన నారింజ రసం తుడుచుకున్నారు. తర్వాత కాగితం లాక్కుని కలం ఎడమచేత్తో పట్టుకున్నారు. 'ఈ పుర్రెల్ని కొలిచినవాడు మఖ్లూఫ్. ఎడమచేతివాటం మనిషి. ఎడమ నుంచి మొదలుపెట్టాడు.' అరబ్బీ అక్షరాలు ముత్యాల్లా పడ్డాయి. తలుపులు వేసుకుని ఎన్నాళ్ళు రాసుకున్నారో ఏమో.

జౌహర్ ఆ కాగితాన్ని తీసుకుని చదివింది. మళ్ళీ చదివింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఇంత చక్కటి రాత దగ్గర పెట్టుకుని, పెళ్ళికి ముందు నాకు రాసిన ఉత్తరాలన్నీ ఆ కోడి గెలుకుడుతోనా రాశావు? కూర్చో. అన్నీ మళ్ళీ రాసివ్వు."