తిప్పలేదు, మనుషులు లేరు

పొద్దున ఏడు గంటలకే మధ్యాహ్నం దాకా సంతకాలు అయిపోయేవి. కామారెడ్డిలోని ఆ కేర్ సెంటర్‌కు ఆదివారాలు పొద్దున్నే వెళ్లినప్పుడు అది నా కళ్లతో చూశాను. లేవలేని రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పినప్పుడల్లా మంచానికి కట్టిన కాగితం మీద ఆయా సంతకం చేయాలి. ముప్పై మంచాలకు ఒక్కో డ్యూటీలో ఇద్దరే ఆయాలు. అందుకే డ్యూటీ ఎక్కగానే గడులన్నీ నింపేయాలని కాంట్రాక్టర్ లక్ష్మీరాజం హుకుం. నింపనివాళ్లు మర్నాడు పనికి రానక్కర్లేదు.

చూశాను, ఏమీ అనలేదు. అందులో ఒక మంచం మీద నా భార్య ఉమారాణి ఉంది, పక్షవాతంతో. నేను నోరు తెరిస్తే ఆమెకు నీళ్లు తాగించే చేయి కూడా ఉండదని భయపడ్డాను. ఎల్లారెడ్డి బడిలో పాఠం చెప్పి, సాయంత్రం బస్సెక్కి వచ్చి ఆమె పక్కన కూర్చునేవాణ్ణి. తిప్పక నడుము మీద పడిన పుండు ఎముక దాకా పోయింది. బుధవారం ఆమె చనిపోయింది.

సోమవారం లక్ష్మీరాజం పిలిపించాడు. పక్కన ఎస్సై కూర్చుని ఉన్నాడు. నా పేరుతో ఫిర్యాదు అప్పటికే టైపు చేసి ఉంది: ఆయా లిదియా నిర్లక్ష్యం వల్లనే నా భార్య మరణించిందని.

"తిప్పకుంటనే తిప్పినట్టు దొంగ సంతకాలు పెట్టింది సార్. కాగితమే సాక్ష్యం," అన్నాడు లక్ష్మీరాజం.

పెట్టించింది ఎవరని అడగబోయాను. ఎస్సైని చూసి ఆగిపోయాను.

"సర్కారు నౌకరి మీది. లొల్లిల పడకుండ్రి," అని లక్ష్మీరాజం నవ్వాడు. "నాలుగింటికల్ల సంతకం పెట్టుండ్రి."

బయటికొస్తుంటే ముసలి ఆయా సాలవ్వ నా చేయి పట్టుకుని, బట్టలుతికే రేకుల షెడ్డులోకి లాగింది. "రా సారూ, భయపడకు, మేం కరువం." లోపల మరో నలుగురు ఆయాలున్నారు. మిగతా ఇద్దరు పైన డ్యూటీలో ఉన్నారు. ఆ నలుగురిలో లిదియా మూలన కూర్చుని ఉంది.

"అమ్మను ఆఖరి దినం రెండుసార్లే తిప్పిన సారూ," అంది తలెత్తకుండా. "చేతులు సాలలే."

"తెలుసమ్మా."

బీడీలు చుట్టడం మానేసి ఈ పనిలోకొచ్చిన రాజమణి లేచింది. "పని బంద్ పెడ్దాం. బీడీల కార్ఖానల గట్లనే చేసినం."

"బీడీలాపితే తంబాకు ఎండుతది," అంది సాలవ్వ. "ఈడ ఆపితే పుండ్లు పడ్తయి. లక్ష్మీరాజానికేమైతదే? సచ్చేది మంచంల ఉన్నోళ్లు."

"మరి సంతకం పెట్టకుంటె తీసేస్తడు గద!" అంది ఇంకో ఆయా.

"పెట్టినందుకు జైలుకు తోలుతుండు గద!" అంది రాజమణి.

 సాలవ్వే తేల్చింది: "పని ఆపొద్దు. అబద్ధం ఆపుదాం. తిప్పితేనే సంతకం. తిప్పకుంటె తిప్పలేదని రాద్దాం. ఎందుకు తిప్పలేదో గూడ రాద్దాం."

"నాకు సంతకమే వస్తదక్కా, రాయరాదు," అంది రాజమణి. అందరూ నా వైపు చూశారు.

ఇరవై ఆరేళ్లుగా నల్లబల్ల మీద రాస్తున్నాను. మందుల అట్టపెట్టె మీద రెండు మాటలు పెద్దగా రాశాను: తిప్పలేదు. మనుషులు లేరు. వాళ్లు అక్షరాల మీద వేలు పెట్టి నేర్చుకుని, ఆ అట్టను పైనున్న ఇద్దరికీ పంపారు.

నాలుగింటికి వెళ్లి, సంతకం పెట్టనన్నాను. "ఆమె మీద కాదు. ముప్పై మందికి ఇద్దరిని పెట్టినవాళ్ల మీద రాస్తే పెడతాను." నా మాట నాకే సరిగా వినపడలేదు.

"మీది లేకున్నా నడుస్తది," అన్నాడు ఎస్సై. "సెంటరోళ్ల దరఖాస్తు చాలు."

లిదియాను జీపు ఎక్కించారు. సాలవ్వ జీపుకు అడ్డం నిలబడింది. "ఆ కాగితం మీద ఏడుగురి సంతకాలున్నయి సారూ. గామె ఒక్కతేనా? నా పేరు గూడ రాసుకో."

"నాది గూడ," అంది రాజమణి. మరో ఇద్దరూ ముందుకొచ్చారు. ఎస్సై సాలవ్వను పక్కకు నెట్టించాడు. జీపు వెళ్లిపోయింది.

పైన మంచాల దగ్గర అప్పటికే కొత్త రాతలు మొదలయ్యాయి. లక్ష్మీరాజం ఒక కాగితం చింపాడు. డ్యూటీలోని ఆయా మరో కాగితం కట్టి అదే రాసింది. రోగుల మనుషులు గుంపుగా చేరారు. పిట్లం నుంచి తల్లిని తెచ్చిన రైతు పోచన్న అది గట్టిగా చదివాడు. లక్ష్మీరాజాన్ని ఎగాదిగా చూశాడు.

"మా అవ్వను నేను తిప్పుకుంట. పక్క మంచపాయనను గూడ తిప్పుత," అన్నాడు ఆయాలతో. "ఎట్ల పట్టుకోవాల్నో చూపెట్టి, ఆ పిల్ల కోసం ఠాణాకు పోండ్రి బిడ్డా."

భుజం కింద ఒక చేయి, తుంటి కింద ఒక చేయి. ఇద్దరు ఆయాలు ఒక్కో మంచం దగ్గరా రోగుల మనుషులకు చూపించారు. తర్వాత ఆరుగురూ రోడ్డెక్కారు. నేనూ వాళ్ల వెంట నడిచాను. ఎల్లారెడ్డి బస్సు పక్కనుంచే వెళ్లింది.

ఠాణా మెట్లెక్కుతుంటే కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు. "లిదియాకు మీరేమైతరు?" అని నన్నే అడిగాడు.



"చనిపోయిన ఉమారాణి భర్తను," అన్నాను. "వాంగ్మూలం ఇవ్వడానికొచ్చాను. వీళ్లూ ఇస్తారు."

లాఠీ తీయలేదు. మేమూ మెట్లు దిగలేదు.