పెద్ద ఈడ్పు ఎక్కిన బొగ్గు

ఆ శనివారం పొద్దున రైలెక్కేటప్పటికి కీత్ ఎంట్‌విసిల్ చేతిలో ఉన్నవి రెండు టిక్కెట్లు, ఒక బిస్కెట్ పొట్లం, కాగితంలో చుట్టిన, పంది మాంసం కూరిన ‘పై’ రొట్టె ఒకటి, ఫ్లాస్కు నిండా టీ. అసలు ఆస్తి అనదగ్గది మాత్రం చేతిలో లేదు. అది రైలుకు ముందు కట్టిన లేడీ రోసమండ్ అనే ఆవిరి ఇంజను తొట్టిలో ఉంది. తొట్టి అంచుదాకా పోసిన నల్లటి బొగ్గు, కీత్ బొగ్గు.

బ్లాక్‌బర్న్‌లో అతనికి తాత పెట్టిన బొగ్గు అడితి ఉంది. ఇళ్లల్లో బొగ్గు కాల్చకూడదని చట్టం వచ్చాక అడితిలో గడ్డి మొలిచింది. అక్కడ ఫ్లాట్లు కడతానని ఒక బిల్డరు తరచూ వచ్చి గేటు దగ్గర నిలబడి పోతున్నాడు. ఇంతలో వేల్స్ గని మూతపడి, పాత ఇంజన్లు నడిపే సంఘాలకు మంచి బొగ్గు కరువైంది. ఎవరికి కరువో వాళ్ల దగ్గరే బేరం ఉంటుందని కీత్‌కి తెలుసు. ఓడ మీద పరాయి దేశపు బొగ్గు తెప్పించాడు. రోసమండ్ సంఘాన్ని నడిపే డగ్లస్ ఒక పెళ్ల చేతిలోకి తీసుకుని, విరిచి, పెదవి విరిచాడు.

"శనివారం సెటిల్ నుంచి పెద్ద ఈడ్పు ఎక్కిస్తాం. తనంతట తాను ఎక్కిందా, ఈ ఏడాదంతా నీ దగ్గరే కొంటాం. వెనక కట్టే ఇంజను సాయం కావాల్సొచ్చిందా, నీ దారి నీది, మా దారి మాది."

పెద్ద ఈడ్పు అంటే సెటిల్ ఊరు దాటాక కొండల్లోకి ఎక్కడా ఊపిరి తిప్పుకోనివ్వకుండా ఎక్కే దారి. కీత్ పుట్టిన దగ్గర్నుంచీ బొగ్గు అమ్ముతున్నాడు గాని, ఆవిరి ఇంజను వెనక రైల్లో కూర్చోలేదు. సరుకు గేటు దాటితే అతని పని అయిపోయినట్టే. ఈరోజు మాత్రం సరుకు వెనకే రావాల్సి వచ్చింది.

చిట్టచివరి పెట్టెలో కీత్ దంపతుల బల్లకి ఎదురుగా హిలరీ సగ్డెన్ అనే పెద్దావిడ కూర్చుంది. పక్కన ఆవిడ భర్త మార్టిన్, కళ్లు మూసుకుని ఉన్నాడు.

"నిద్రా?" అని గుసగుసగా అడిగింది కీత్ భార్య బ్రెండా.

"నిద్రేం కాదమ్మా, వింటున్నాడు. పెళ్లిలో పాస్టరు మాట కూడా ఇంత శ్రద్ధగా వినలేదు," అంది హిలరీ.

కీత్ నవ్వి, "వెనక డీజిల్ ఇంజను కూడా కట్టారు కదా, ఇక భయమేముంది?" అన్నాడు.

చుట్టుపక్కల బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి. మార్టిన్ ఒక కన్ను తెరిచాడు. హిలరీ బల్ల మధ్యలో వేలితో తట్టింది.

"కొత్తవాడివిలా ఉన్నావు, నాయనా. కొండ ఎక్కేదాకా ఆ పేరు ఎత్తకూడదు. ఎత్తినవాళ్ల తిండి బల్ల మీదకి రావాలి. ఊఁ, తియ్యి."

"దేన్ని? డీజిల్ అన్నందుకా?"

పెట్టంతా గొల్లుమంది. "రెండోసారి!" అని ఎవరో అరిచారు. కీత్ బిస్కెట్ పొట్లం ఆ బల్లనుంచి ఈ బల్లకి ప్రయాణం చేసి ఖాళీగా తిరిగొచ్చింది. పై రొట్టె కూడా నాలుగు ముక్కలైంది.

"ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. ఈయన దగ్గర ఊరికే ఏదైనా తిన్నవాళ్లు మీరే," అంది బ్రెండా, తన ముక్క తాను తీసుకుంటూ.

సెటిల్ దాటగానే రైలు ఒళ్లు బిగించినట్టయింది. అప్పటిదాకా ఎక్కడో దూరాన వినబడిన ఇంజను చప్పుడు ఒక్కో దెబ్బగా విడివిడిగా రావడం మొదలుపెట్టింది. మాటలు వాటంతటవే తగ్గాయి. టీ కప్పు కింద పెట్టేవాళ్లు కూడా చప్పుడు కాకుండా పెట్టారు. మలుపులో ఇంజను కనబడింది. తెల్లటి ఆవిరి కొండవాలు మీద గొర్రెల పైనుంచి పొర్లిపోతోంది. రాతి గోడల వెంట జనం మడిచిన గొడుగులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక రైతు ట్రాక్టరు ఆపి, దిగి, టోపీ తీశాడు.

'దీనికా?' అనుకున్నాడు కీత్. అతని లారీ వీధిలోకి వస్తే జనం ఉతికిన బట్టలు లోపలికి తీసుకుపోయేవాళ్లు.

హార్టన్ దగ్గర వాన పట్టుకుంది. తెల్లటి పొగ బూడిదరంగుకి, తర్వాత నలుపుకి తిరిగింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరిగింది. ఒకసారి చక్రాలు జారి, దెబ్బలన్నీ ఒకదాని మీద ఒకటి పడి గడగడలాడి, మళ్లీ సర్దుకున్నాయి. మార్టిన్ కళ్లు తెరిచేశాడు.

"పొయ్యిలో బూడిద కరిగి చిట్టెం కడుతున్నట్టుంది. ఏం బొగ్గు పోశారో," అన్నాడు.

కీత్ కిటికీవైపు చూశాడు. బ్రెండా బల్ల కింద అతని మోకాలు నొక్కింది.

సరిగ్గా అప్పుడు వెనకనుంచి ఒక గుర్రుమనే చప్పుడు వచ్చింది. నేల అదిరింది. హిలరీ తలొంచుకుని చేతి సంచి మూసింది, సమాధి దగ్గర మూసినట్టు. అందరికీ అర్థమైంది. వెనకది నెడుతోంది.

అయిపోయింది, అనుకున్నాడు కీత్. బిల్డరుకి సోమవారం ఫోన్ చెయ్యాలి. కానీ తూకం కళ్లారా చూడకుండా నష్టం ఒప్పుకునే అలవాటు అతనికి లేదు. లేచి పెట్టె చివరికి నడిచాడు. వెనక తలుపు అద్దంలోంచి ఆ డీజిలు ఇంజను పసుపు మొహం ఎదురుగా కనబడింది. గుర్రుమంటోంది నిజమే. అతను దాని మొహం చూడలేదు, కిందికి చూశాడు. పెట్టెనూ దాన్నీ కలిపే లంకె ఇనుప కడ్డీలా బిగుసుకుని ఉంది. రెండువైపులా గుండ్రటి ఇనుప పళ్లేల మధ్య బెత్తెడు సందు. చెడిపోయిన లారీని తాడు కట్టి ఎన్నిసార్లు ఈడ్చుకొచ్చాడో అతను. నెట్టేదైతే పళ్లేలు కరుచుకోవాలి, లంకె వేలాడాలి.

నెట్టడం లేదు. ఊరికే ఇంజను ఆన్‌లో ఉంది, అంతే. ఇంత బరువున్న దాన్ని కూడా ముందున్న ముసల్ది కొండెక్కిస్తోంది.

కీత్ పెట్టెలోకి పరుగున వచ్చాడు. "నెట్టడం లేదు! డీజిల్ నెట్టడం లేదు! దాన్ని కూడా మన రోసమండే లాగుతోంది! లంకె బిగుసుకుంది, రండి చూడండి!"

"మూడోసారి," అంది హిలరీ. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి. "తినడానికి ఇంకేమీ లేదు కాబట్టి బతికిపోయావు."

అతను మళ్లీ తలుపు దగ్గరికి పోయి, పక్క కిటికీ దించి నిలబడ్డాడు. వానలో పొగ వాసన, వేడి నూనె వాసన. దెబ్బలు దగ్గరవుతున్నాయి. పొగలో నలుపు పలచబడి, తెలుపై, కొండకీ మబ్బుకీ తేడా లేకుండా లేచింది. రిబుల్‌హెడ్ రాతి వంతెన మీదికి వచ్చేసరికి ఇంజను కూత వేసింది. ఆ కూత లోయలోకి దిగి, అవతలి కొండని తాకి, వెనక్కి వచ్చింది. వంతెన కింద వందలమంది, ముఖాలన్నీ పైకెత్తి. ఎవరూ కేకలు వెయ్యడం లేదు. చేతులు మాత్రం లేచి ఉన్నాయి.

కీత్ కిటికీలోంచి ఇంకాస్త బయటికి వంగాడు. తాత, తండ్రి, తాను, మూడు తరాలు బస్తాలు మోసి వీపులు వంచుకున్నారు. బస్తాలో ఉన్నది బరువనీ మురికనీ తప్ప ఏమీ అనుకోలేదు. అది లోపల ఇదంతా పెట్టుకుని కూర్చుందని వాళ్లలో ఒక్కడికీ తెలియదు. ఎన్ని యుగాలో మట్టి కింద నోరు మూసుకుని పడి ఉండి, ఒక్క మధ్యాహ్నం ఇలా నోరు తెరుస్తుందని.

ఏదో వచ్చి అతని బుగ్గ మీద చురుక్కున తగిలింది. తుడుచుకుని చూశాడు. నల్లటి రవ్వ. వేళ్ల మధ్య తిప్పి చూశాడు. తన సరుకే.

కార్లైల్‌లో రైలు దిగి నేరుగా ఇంజను దగ్గరికి వెళ్లాడు. పొయ్యిలో బొగ్గు వేసిన ఇమొజెన్ అనే అమ్మాయి మెట్టు మీద కూర్చుని నీళ్లు తాగుతోంది. పళ్లు తప్ప అంతా నలుపే.

"మీ బొగ్గేనా? హార్టన్ దగ్గర నా ప్రాణం తోడేసిందండీ! చిట్టెం కట్టేసింది. కడ్డీతో పొడిచి పొడిచి భుజాలు పడిపోయాయి," అంది. ఇంకో గుక్క తాగింది. "కానీ చిట్టెం పగిలాక... అబ్బ! ఆ మంటని చూళ్లేకపోయా. తెల్లగా, సూర్యుణ్ణి పెట్టెలో పెట్టినట్టు."

డగ్లస్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "మాటంటే మాటే. ఈ ఏడాది నీదే. కాకపోతే పొడి లేకుండా పెద్ద పెళ్లలు ఏరి పంపాలి. అదే ధరకి."

"సరే," అన్నాడు కీత్, ఇంజను చక్రం వైపు చూస్తూ. అది అతనికంటే ఎత్తుంది. ఆగి ఉన్నా లోపల ఏదో మెల్లగా ఊపిరి తీస్తోంది.

తిరుగు ప్రయాణంలో బ్రెండా అడిగింది. "ఏరి పంపడానికి కూలీ అవదా? అదే ధరకి ఒప్పుకున్నావేం? బేరం ఆడలేదేం?"

కీత్ వేళ్లకి అంటిన మసి చూసుకున్నాడు.

"మర్చిపోయాను," అన్నాడు.

బ్రెండా అతని నుదురు మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

ఇంటికొచ్చాక అతను జేబులు ఖాళీ చేశాడు. పోయినవి: బిస్కెట్లు మొత్తం, పై రొట్టెలో మూడొంతులు, మసి పట్టిన ఒక తెల్ల చొక్కా, ఏరుడు కూలీ. మిగిలినవి: తాత అడితి, ఒక ఏడాది బేరం, రుమాలు మడతలో ఒక నల్లటి రవ్వ.

"ఆ మసి పారెయ్యి, రుమాలు ఉతకాలి," అంది బ్రెండా.

"ఉండనీ. వచ్చినదాంట్లో అదే ఎక్కువ," అన్నాడు కీత్.