తీసేసిన నాలుగక్షరాలు

"అద్దాలు పెట్టుకుని ఉంటే ఇంత జరిగేదా?" అని అత్తయ్య మళ్లీ అందుకుంది. నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పేసరికే ఆ మాట ఇల్లంతా తిరిగి అలిసిపోయినట్టుంది.

"పెట్టుకునే కొట్టాను," అన్నారు మామయ్య. "కోర్టులో టైపిస్టుగా ముప్పై ఏళ్లు చేశాను. నా కాగితాల్లో ఒక్క కొట్టివేత చూపించు."

"కోర్టులో తప్పు పడితే ఇంకో కాగితం ఎక్కించేవాళ్లు నాన్నా. ఇది పోతే పోయినట్టే," అన్నాడు మా ఆయన. "ఇకమీదట ఫోన్లో డబ్బు జోలికి మీరు పోవద్దు. చాలు."

చిన్నపిల్లాడి చేతిలోంచి కత్తెర లాక్కున్నట్టు మామయ్య దగ్గర్నుంచి ఫోను లాక్కున్నాడు ఈయన.

మా కంపెనీ తయారుచేసే క్రిప్టో నాణేలు, అంటే ఫోన్లోనే ఉండే డబ్బు, నాకు బోనస్‌గా ఇస్తే ఇంటి అవసరాలకని మామయ్య ఫోన్లో ఉంచాను. కుట్టుమిషన్ కొనుక్కోవడానికి మా ఆడపడుచు అడిగితే, ఆమె కాగితం మీద రాసిచ్చిన తన ఖాతా అడ్రస్ చూసి ఆయన టైప్ చేసి పంపారు. అంకెలు, ఇంగ్లిషు అక్షరాలు కలగలిసిన పొడుగాటి వరస అది. నాణేలు ఆమెకు చేరలేదు. ఎవరిదీ కాని అడ్రస్‌కు పోయాయి. ఎవరూ వెనక్కి తేలేరు.

కాగితం, ఫోను పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరమే చూసుకుంటూ వచ్చాను. ఒకచోట ఆగి, ఫోన్లో ఆ అక్షరం చూపించాను.

"ఇదేంటి మామయ్యా?"

"ఒకటి."

"కాగితంలో ఒకటే. ఫోన్లో మీరు కొట్టింది ఇంగ్లిషు చిన్న ఎల్."

"ఒకటికి ఎల్లే కదమ్మా కొట్టేది? మా టైపు మిషన్ మీద ఒకటి మీటే ఉండేది కాదు. మాకు నేర్పిందే అలా. పంపేముందు కాగితంతో పోల్చి కూడా చూశాను. రెండూ ఒకేలా ఉన్నాయి."

నిజంగానే ఒకేలా ఉన్నాయి.

"అయితే ఇన్నేళ్లూ ఒకటని చెప్పి జడ్జిగారికి ఎల్ ఇచ్చారన్నమాట," అంది అత్తయ్య. "నాకు రాసిన ఉత్తరాల్లో ఇంకేం మార్చి కొట్టారో."

మా ఆయన నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఎందుకంటే ఆ అడ్రసు ఎలా ఉండాలో మొదట గీసింది నేనే. అందులో ఎల్ లేదు. సున్నాలా కనిపించే ఓ కూడా లేదు. చివర నాలుగక్షరాలు ఉండేవి. ముందున్న వాటన్నిటినీ లెక్కగట్టి తేల్చిన అక్షరాలు. ఎక్కడ వేలు జారినా ఆ నాలుగూ కుదరవు. ఫోను 'తప్పు ఉంది, చూసుకోండి' అని అక్కడే ఆగిపోతుంది. మా బాసు ఆ నాలుగూ తీయించేసి, ఎల్‌ని, ఓని మళ్లీ చేర్పించాడు. అడ్రసు పొట్టిగా, ఒక్క వరసలో ఇమిడిపోవాలట. అందంగా ఉండాలట.

వాకిట్లోకి వెళ్లి బాసుకు ఫోన్ చేశాను.

"అయ్యో పాపం. పెద్దాయన కాస్త చూసుకుని కొట్టాల్సింది," అన్నాడు.

"చూసుకునే కొట్టారు సార్. మనమే చూసుకోలేదు."

"ఒక్కరి కోసం అంతా మార్చలేం కదమ్మా. ఆ వాక్యం రేపు పొద్దున్నే పంపండి, మర్చిపోకండి."

ఆ వాక్యం పంపే బటన్ పైన పెట్టాల్సింది: అడ్రసు తప్పయితే బాధ్యత పూర్తిగా మీదే. వచ్చే వారం కొత్త యాప్‌లో అది ఉండాలి, యాప్ అంతా సరిగ్గా ఉందని నా సంతకం కూడా ఉండాలి. ఎవరో గోతి చుట్టూ గోడ పడగొట్టి వెళ్తే, అందులో పడ్డవాళ్లని తిట్టే బోర్డు నేను రాయాలన్నమాట.

లోపలికొచ్చేసరికి అందరూ భోజనాలకు కూర్చున్నారు. మామయ్య మెతుకులు కెలుకుతున్నారు. ఫోను బల్లకు ఆ చివర, ఆయన చేతికి అందనంత దూరంలో ఉంది. మా ఆయనే జరిపి ఉంటాడు.

నేను దాన్ని తీసి మామయ్య పక్కన పెట్టి, కంచం ముందు కూర్చున్నాను.

"తప్పు మామయ్యది కాదు. ఆ మాట ఈ ఇంట్లో ఇక ఎవరూ అనొద్దు," అన్నాను.

"సర్లే, అనం," అన్నాడు మా ఆయన. "మరి ఎవరిదంటావ్?"

"మా ఆఫీసుది. ఆ నాలుగక్షరాలు తిరిగి పెడితేనే సంతకం పెడతానని రేపు చెప్తున్నాను. పెట్టనంటే ఉద్యోగం మానేస్తున్నాను. అత్తయ్యా, కాస్త పెరుగు ఇటివ్వండి."