పుస్తకంలో పందిరి

నా రాతలో తప్పులుంటే చదివేవాళ్ళు మన్నించాలి. అక్షరాలు నాకు యాభయ్యో ఏట వచ్చాయి, అదీ రాత్రి బడిలో. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. అయినా ఈ కథ ఇంకొకరి చేత రాయించడం ఇష్టం లేక నేనే రాశాను.

పీరాంబీ సుత్తి ఎత్తి దించింది. రాయి రెండుగా పగిలింది. "నీడ పందిట్లో" అంది. మళ్ళీ ఎత్తి దించింది. "పసిబిడ్డల్ని పడుకోబెట్టి" అంది. ఇంకో దెబ్బ. "నిశ్చింతగా పని చేసుకుంటున్నాము." ఈ చివరి మాట నోటికి తిరగడం లేదు. రాయి మూడుసార్లు జారింది.

అరవై ఆరో సంవత్సరం. ఎండలు ముదిరి రెండు నెలలైంది, సోమందేపల్లె వైపు గుట్టలు పొయ్యి మీది పెనంలా ఉన్నాయి. రెండేళ్ళుగా ఎవరికీ వేరుశనగ కాయ చేతికి రాలేదు. కరువు పనుల కింద పెద్ద రోడ్డు నుంచి ఊళ్ళోకి కొత్త దారి వేస్తున్నారు. మగవాళ్ళు గుట్టలో రాయి తవ్వుతారు. ఆడవాళ్ళు ఎండలో కూర్చుని కంకర కొడతారు. మగవాడికి రూపాయి పావలా, ఆడదానికి రూపాయి అని సర్కారు చెప్పింది. ఆడదాని చేతికి వచ్చేది ముప్పావలా. సేరు జొన్నలు రూపాయి దాటాయి.

పీరాంబీ దూదేకుల ఇంటి మనిషి. భర్త ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులూ బొంతలూ కుట్టి ఇచ్చేవారు. అతను పోయాక కొడుకు జమాల్ బాషా దూది ఏకే విల్లు పట్టాడు. కరువులో పరుపు కుట్టించుకునేవాడెవడు? విల్లు అటక మీద పెట్టి అతను బెంగుళూరికి మట్టిపనికి పోయాడు. ఇంట్లో మిగిలింది ఆమె, కోడలు జమీలాబీ. పోయిన నెల దాకా పాకే వయసు పాప కూడా ఉండేది.

పక్కన కూర్చున్న తిప్పమ్మ నవ్వింది. "ఏమ్మే పీరాంబీ, రాయి పగిలేదానికి మంత్రం జదువుతాండావా?"

"మంత్రం గాదు, రేడియో మాటలు. మద్దేనానికి నోటికి రావల్లంట."

"రేడియోలోకి పోయినంక మల్లా బయటికి వస్తావా, ఆ డబ్బాలోనే కాపురం పెడతావా? పెడితే మేలే గదే, ఎండన్నా తగలదు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. జమీలాబీ నవ్వలేదు. ముసుగు ముందుకు లాక్కుని రాయి కొడుతూనే ఉంది.

సంగతి ఇది. పట్నంలోని రేడియో కేంద్రం వారానికొక సాయంత్రం ఒక పుస్తకం తీసుకుంటుంది. కథల పుస్తకాలు కావు. నీళ్ళ గురించి, పన్నుల గురించి, ఓట్ల గురించి, ప్రభుత్వం చేసే పనుల గురించి చదువుకున్నవాళ్ళు రాసినవి. కొంత చదివి వినిపించి, దానిమీద జనం చేత నాలుగు మాటలు మాట్లాడిస్తుంది. పంచాయతీ రేడియో చుట్టూ మగవాళ్ళు కూర్చుని వింటారు, ఆడవాళ్ళు గోడ అవతల నిలబడి వింటారు. శిస్తు మాఫీ అయిన సంగతి ఊరికి మొదట తెలిసింది ఆ రేడియో వల్లనే. కరణం అప్పటిదాకా నోరు మెదపలేదు. అప్పటినుంచి రేడియోలో వచ్చిన మాటంటే ఊళ్ళో గౌరవం.

ఈసారి పుస్తకం, జిల్లాలో పనిచేసి రిటైరైన ఒక పెద్ద అధికారి రాసినది. కరువును ప్రభుత్వం ఎట్లా ఎదుర్కొన్నదో అందులో ఉంది. ఈ ఊరి రోడ్డు పని మీద కూడా రాశాడు. ఇక్కడ కూలీలకు నీడ పందిరి వేశారనీ, పసిబిడ్డలకు ఉయ్యాలలు కట్టారనీ, మధ్యాహ్నం మజ్జిగ పోశారనీ రాశాడు. ఆయన అబద్ధం రాయలేదు, చూసిందే రాశాడు. పోయినేడు పని మొదలైనప్పుడు ఆయన వచ్చిన రోజు పందిరి నిజంగానే ఉంది. ఆయన జీపు మలుపు తిరిగాక పందిరి విప్పారు. ఆ గుంజలూ ఈతాకులూ ఇప్పుడు నాగేశ్వరయ్య శెట్టి పశువుల కొట్టం మీద ఉన్నాయి.

పంచాయతీ ప్రెసిడెంటూ, రోడ్డు పని కాంట్రాక్టరూ, పెద్ద రోడ్డు మీది అంగడికి యజమానీ ఆ నాగేశ్వరయ్యే. పని చేసే ఆడమనిషి చేత ఆ పుస్తకం గురించి మాట్లాడించాలని రేడియో నుంచి కబురొస్తే, అతను పీరాంబీని ఎంచాడు. పీర్ల పండగకు నిప్పుల గుండం చుట్టూ పాట ఎత్తుకునేది ఆమె గొంతే.

పొద్దున మేస్త్రి ఓబులేసు వచ్చి మాటలు నేర్పాడు. నేర్పి, చివర ఇంకొకటి కలిపాడు. "బాగా చెప్పితివా, పై మైలు రోడ్డు పని గూడా శెట్టికే వస్తాది. వానలు పడేదాకా నీకూ నీ కోడలికీ పని. తిక్కతిక్కగా చెప్పితివా, రేపు హాజరులో మీ పేర్లుండవు. నా మింద కోపం పెట్టుకోవద్దుమ్మా. నాకు శెట్టి చెప్పినాడు, నీకు నేను చెప్తాండా."

మధ్యాహ్నం సంగటి తినేటప్పుడు జమీలాబీ నోరు విప్పింది.

"చెప్పేసి రా అత్తా."

"నీ బిడ్డనే గదమ్మీ నేను పందిట్లో పడుకోబెట్టినా అని చెప్పల్సింది."

"నా బిడ్డను మట్టిలో పడుకోబెట్టినాము. నువ్వు రేడియోలో నిజం చెప్తే లేచొస్తాదా? ఆయప్ప బెంగుళూర్లో మట్టి మోస్తాండాడు. ఈడ మనం పని పోగొట్టుకున్యామంటే ఏమని కబురు పంపల్ల?" ఆమె ముద్ద వైపే చూస్తూ అంది. "ఉన్నోళ్ళు తినల్ల గదా."

పీరాంబీ ముద్ద పక్కన పెట్టి నీళ్ళు తాగింది. ఆ రోజు పాపను రాళ్ళ కుప్ప పక్కన జానెడు నీడలో పడుకోబెట్టింది తనే. పొద్దు పైకొచ్చింది, నీడ జరిగింది. కంకర కొలిచే పెట్టె నిండకపోతే ఆ రోజు కూలి లేదు. ఇద్దరూ పెట్టె నింపే తొందరలో ఉన్నారు. పాప ఏడవకపోతే నిద్రపోతోందనుకున్నారు.

రేడియో వ్యాను పెద్ద రోడ్డు పక్కనున్న శెట్టి అంగడి ముందు ఆగింది. దిగినవాడు కళ్ళద్దాల యువకుడు, చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుని ఉంది. పైన రెండు చక్రాలు తిరిగే, మాటలు పట్టే మిషన్ను అరుగు మీద పెట్టాడు. పీరాంబీని ఎదురుగా కూర్చోబెట్టి, పుస్తకంలో ఆ ఊరి గురించి ఉన్న భాగం నెమ్మదిగా చదివి వినిపించాడు. బాగా చదివాడు. అతని గొంతులో ఆ పందిరి చల్లగా ఉంది.

"భయపడకండమ్మా. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి. పసిపిల్లల్ని ఎక్కడ పడుకోబెడతారు?"

"నీడ పందిట్లో పసిబిడ్డల్ని పడుకోబెట్టి నిశ్చింతగా పని చేసుకుంటున్నాము."

శెట్టి ముఖం విప్పారింది. అంతలో బెంగుళూరు లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. యువకుడు చక్రాలు ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ చెప్పింది. ఈసారి వరసగా రెండు లారీలు.

రెండుసార్లూ పీరాంబీ గొంతు వణకలేదు. అంగడిలో మాట అంగడి మాటే కదా. శెట్టి జొన్నలు తక్కువ తూచి "సరింగా ఉండాది పో" అంటాడు. ఆమె "అట్లనే సామీ" అంటుంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అట్లాగే బతుకు గడుస్తోంది.

"ఇక్కడ కుదరదండీ" అన్నాడు యువకుడు. "మీ పంచాయతీ రేడియో ఎక్కడుంది? అక్కడ నిశ్శబ్దంగా ఉంటుందేమో."

"అది పీర్ల సవిడిలో ఉండాది సార్. ఇరుకు. గబ్బిలాల కంపు. మా మిద్దె మిందికి పోదాం రండి, కాఫీ తెప్పిస్తా."

"మిద్దె మీద గాలి పట్టేస్తుందండీ." అతను అప్పటికే తీగలు చుట్టేశాడు.

ఊళ్ళో పంచాయతీకి గది లేదు. తాళం పడే తలుపున్నది పీర్ల చావిడికొక్కదానికే కనక రేడియోను అక్కడ పెట్టారు. ఏడాదంతా పీర్లు పెట్టెలో ఉంటారు, రేడియో గూట్లో ఉంటుంది. ఆ చావిడికొక కట్టుబాటుంది. గొర్రె పోయినా, గట్టు జరిగినా, తురకలైనా హిందువులైనా, గడప లోపల నిలబడి చెప్పిందే చివరి మాట. సాక్షి అక్కర్లేదు. అక్కడ అబద్ధమాడినవాడికి ఊళ్ళో పొయ్యిలోకి నిప్పు కూడా పుట్టదు. తాలూకా కచేరీలో శెట్టి మాట నెగ్గుతుంది. పోలీసు స్టేషన్లో ఊరి రెడ్డి మాట నెగ్గుతుంది. కంకర కొట్టేదాని మాటకూ వాళ్ళ మాటకూ ఒకే తూకం ఉన్న చోటు ఊరంతటికీ అదొక్కటే.

దారిలో నాగేశ్వరయ్య ఆమె పక్కకొచ్చి మెల్లగా అన్నాడు. "లోపలికి పోవద్దు. అరుగు మింద కూచోని చెప్పు, చాలు."

చావిడి చేరాక ఆమె అరుగు మీదే కూర్చుంది. యువకుడు లోపలినుంచి పిలిచాడు. "లోపలికి రావాలమ్మా. తీగ అంత దూరం రాదు."

మధ్యాహ్నపు విరామం ఇంకా అయిపోలేదు. పని దగ్గరి ఆడవాళ్ళు కొందరు వెంట వచ్చి బయట నిలబడ్డారు. వాళ్ళలో జమీలాబీ కూడా ఉంది. పీరాంబీ కొంగు తలమీదికి లాక్కుని గడప దాటింది. మిషన్ మీద ఎర్ర బల్బు వెలిగింది.

"చెప్పండమ్మా, పసిపిల్లల్ని ఎక్కడ పడుకోబెడతారు?"

ఆమె నోరు తెరిచింది. మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. పొద్దుటినుంచి ఒక్కో దెబ్బకొకటిగా కూర్చుకున్నవే. ఒక్కటీ కదల్లేదు.

"ఈ మాట ఈడ చెప్పలేను నాయనా."

"ఇందాక రెండుసార్లు చెప్పారు కదమ్మా. ఎంత బాగా చెప్పారు!"

"అది శెట్టి అంగిడి. ఇది సవిడి."

అతనికి అర్థం కాలేదు. గడప బయటి వాళ్ళందరికీ అర్థమైంది. నాగేశ్వరయ్య గట్టిగా నవ్వడానికి చూశాడు. "ఎండకు తల తిరిగినట్లుండాది సార్ ఆయమ్మకు. వేరే మనిషిని పిలుస్తా. ఏమ్మే తిప్పమ్మా, నువ్వు రా!"

తిప్పమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "నాకు పొగిడేది రాదు సామీ, తిట్టేదే వచ్చు. తిట్లు పడతాయా ఆ మిషన్లో?"

యువకుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పీరాంబీ వైపు తిరిగి, "సరేనమ్మా, ఇక్కడ ఏం చెప్పగలరో అదే చెప్పండి" అన్నాడు. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

"పందిరి ఒక దినం ఉండె. జీపు పోయినంక లేదు. మా కోడలి బిడ్డను రాళ్ళ కుప్ప పక్కన నేనే పడుకోబెట్టినా. పోయి చూస్తే ఒళ్ళు కాలతాండాది. నోట్లో నీళ్ళు పోస్తే పక్కకు కారిపాయె. ఆ బుక్కు రాసినాయప్ప మంచోడే ఉండొచ్చు. ఆయన వచ్చిన దినం మజ్జిగ మేమూ తాగినాము. ఆ బుక్కులో మా బిడ్డ లేదు. అంతే నాయనా నేను చెప్పగలిగేది."

 నాగేశ్వరయ్య గడప దగ్గరికొచ్చి ఆగాడు గాని లోపల అడుగు పెట్టలేదు. "తుడిపేయండి సార్ అది. ఆ పుస్తకం రాసినాయన ఎవురనుకున్యారు? మీ పైవాళ్ళకు దోస్తు."

యువకుడి వేలు మీట మీదికి పోయింది. అక్కడే కాసేపు ఉంది. "తుడవడం, ఉంచడం స్టేషన్లో చూసుకుంటారండీ" అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా. అతని ఉద్యోగం కొత్తది. ఆ సంగతి అతని గొంతులోనే తెలుస్తోంది. మిషన్ ఆపబోతూ, ఏమనుకున్నాడో, "పాప పేరేమిటమ్మా?" అని అడిగాడు.

పీరాంబీ తిరిగి కోడలి వైపు చూసింది. బయట నిలబడ్డ జమీలాబీ జనాన్ని తోసుకుని వచ్చి గడప దాటింది.

"ఖాతూన్‌బీ" అంది, మిషన్ దగ్గరికి వంగి. "మా అమ్మ పేరు పెట్టుకున్యాము."

మర్నాడు పొద్దున అందరూ పని దగ్గర వరసగా నిలబడ్డారు. ఓబులేసు హాజరు పిలుస్తున్నాడు. పీరాంబీ పేరు రాలేదు. జమీలాబీ పేరు రాలేదు. అత్తాకోడళ్ళు సుత్తులు పట్టుకుని నిలబడే ఉన్నారు. వాళ్ళు రారనుకున్నాడేమో, వచ్చి నిలబడితే ఓబులేసు తల ఎత్తలేదు.

"తిప్పమ్మా!"

తిప్పమ్మ కొంగు బిగించుకుంది.

"తిప్పమ్మా! చెవుడా ఏమి నీకు?"

"బాగనే వినపడతాండాది. వాళ్ళిద్దర్నీ దాటుకోని నా పేరుకాడికి ఎట్లొచ్చినావప్పా?"

"శెట్టి చెప్పినాడు, నేను పిలుస్తాండా."

"అట్లయితే శెట్టినే పిలువు. ఆయప్పనే వచ్చి కంకర కొట్టమను." తిప్పమ్మ రాళ్ళ కుప్ప మీద కూర్చుంది. సుత్తి ఒళ్ళో పెట్టుకుంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఓబులేసు తువ్వాలుతో మెడ తుడుచుకుని తర్వాతి పేరు పిలిచాడు.

"ఆంజినమ్మా!"

ఆంజినమ్మ వరస చివర నిలబడి ఉంది. మొగుడు పోయి ఏడాదైంది. ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఆ పూటకు పిండి లేదు. పీరాంబీ ఆమె వైపు చూడలేదు, చూస్తే అడిగినట్టవుతుందని ముఖం తిప్పుకుంది.

"ఆంజినమ్మా, ఉండావా లేదా?"

ఆంజినమ్మ
ఈ కథ రాసింది నేనే
వయసు యాభై మూడు
ఇప్పుడు ఉండేది బుక్కరాయసముద్రంలో