ట్రై సేస్తన్నారా?

కొత్తిమీర కట్ట ఒకటి తెమ్మంటే మా ఆయన "ట్రై చేస్తా" అన్నారు. శ్రీకాకుళంలో కొత్తిమీర కట్ట కోసం మనిషి ఎలా ట్రై చేస్తాడో నాకిప్పటికీ తెలియదు. మా స్టీలు సామాన్ల కొట్టుకి ఎదురుగానే కూరగాయల బజారు. రోడ్డు దాటాలి, అంతే. రాత్రి ఆయన వచ్చారు గానీ కొత్తిమీర రాలేదు. "ట్రై చేశాను, అవలేదు" అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నాకు తెలిసొచ్చిందేమిటంటే, మా వెంకటసాయి గారి నోట ట్రై చేస్తా అంటే చెయ్యను అని. చెయ్యనంటే తగువవుతుంది. ట్రై చేస్తానంటే ఎదుటి మనిషి నోరు దానంతటదే మూతపడుతుంది. పాపం, ప్రయత్నిస్తానంటున్న మనిషిని ఏమనగలం?

నేనొక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. పుస్తకంలో ఆ మాటకి ప్రయత్నించు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మా ఊళ్లో అంత తేలిగ్గా తేలదు. చీరల కొట్లో "ట్రై చెయ్యండి మేడమ్" అంటే భుజమ్మీద వేసుకుని అద్దంలో చూసుకోమని. చుట్టాలు "మీకు సాలాసార్లు ఫోన్ ట్రై సేసినామమ్మా" అంటే అసలు చెయ్యలేదని. మొన్న క్లాసులో ఒకడు లేచి, "టీచర్, ఈడు తొమ్మిదో క్లాసు పావనికి ట్రై సేస్తన్నాడండి" అని పక్కవాడి మీద చాడీ చెప్పాడు. ఆ పిల్ల కనబడుతుందేమోనని వాడు రోజూ ఎండలో కుళాయి దగ్గర నిలబడతాడట. వాణ్ణి తిట్టాను గానీ, నిజంగా శ్రమపడి ట్రై చేసేవాడు మా ఊళ్లో నాకు కనబడ్డది వాడొక్కడే.

పెళ్లయి పిల్లల్లేని ఆడదాని దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ మాటకి ఒకటే అర్థం. "ఏటమ్మా అనూరాధా, ట్రై సేస్తన్నారా?" బస్సులో అడుగుతారు, పెళ్లి భోజనాల్లో పప్పు వడ్డిస్తూ అడుగుతారు. పడగ్గది సంగతి తెలుగులో అడగడానికి సిగ్గుపడే పెద్దవాళ్లంతా ఇంగ్లీషులో నిర్భయంగా అడిగేస్తారు. ఈ ఏడు పదో తరగతి నాకిమ్మని అడిగితే మా ప్రిన్సిపాల్ గారు కూడా, "మీరు ట్రై చేస్తున్నారట కదా మేడమ్, మధ్యలో లీవు పెట్టేస్తే పిల్లలు దెబ్బతింటారు" అన్నారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుట్టని బిడ్డ కోసం నా పదో తరగతి పోయింది. ఆ రోజు స్టాఫ్ రూములో మొహం తిప్పుకుని ఏడ్చాను.

అయినా ట్రై చేస్తున్నది ఎవరని? "మేం ట్రై చేస్తున్నాం" అని చుట్టాలకి మా ఆయన చెప్పే మాటలో ఆ "మేం" నేనొక్కదాన్నే. మాత్రలు నేను మింగాను. రక్తం నాది, స్కాన్లు నావి. విశాఖపట్నంలో గర్భసంచి గొట్టాలకి ఏదో పరీక్ష చేస్తే నొప్పికి పళ్లు బిగబట్టి, మంచం ఊచ పట్టుకుని భరించాను. గోడ పట్టుకుంటూ బయటికొస్తే ఆయన వాచీ చూసుకుంటూ, "అయిందా? బండి టైమవుతోంది" అన్నారు. ఆ మాటని ఎన్నిసార్లు క్షమిద్దామనుకున్నానో, ఒక్కసారీ కుదరలేదు. డాక్టరమ్మ రిపోర్టులన్నీ చూసి, "నీకే లోపమూ లేదమ్మా. ఇక మీ వారికి ఒక చిన్న టెస్టు చేయిస్తే సరి. నొప్పి ఉండదు, అరగంట పని" అంది. ఇది రెండేళ్ల కిందటి మాట. మా ఆయన తలూపి, "ట్రై చేస్తానండి" అన్నారు.

అప్పణ్ణించి ట్రై చేస్తూనే ఉన్నారు. శ్రీకాకుళంలో చేయించుకుంటే తెలిసినవాళ్లు చూస్తారు. విశాఖ వెళదామంటే పెళ్లిళ్ల సీజను, కొట్టు వదలడానికి లేదు. సీజను అయిపోతే ఆషాఢం. ఆషాఢం పోతే మూఢం. కొట్లో బిందె అమ్మితే నీళ్లు పోసి, ఎత్తి పట్టుకుని, అడుగు తుడిచి చూపించి మరీ ఇచ్చే మనిషి! ఇంట్లో మాత్రం "డాక్టరమ్మ దీన్ని ఇంకా మందులు వాడమంది" అని చెప్పుకున్నారు. ఆయన పరువు పోతుందని నేనూ కిక్కురుమనలేదు. నా పరువుకి కాపలా ఎవరున్నారని అప్పట్లో తోచలేదు.

పోయిన నెల మా ఆడపడుచు దీపిక కొడుక్కి అన్నప్రాసన మా ఇంట్లోనే చేశారు. నేను తెల్లారకుండా లేచి వంట చేశాను. పాయసమూ నేనే కాచాను. తీరా పిల్లాడి నోటికి అందించబోతే, మా అత్తగారి చెల్లెలు చిన్నతల్లి గారు నా చేతిలోని వెండి గిన్నె మెల్లిగా లాక్కుని, "నువ్వు తరవాత పెడుదువుగానిలే. ముందు పిల్లలున్నోల్లని పెట్టనీ" అంది. అని ఊరుకుందా! హాలంతా వినేలా, "ఇంతకీ మీరు ట్రై సేస్తన్నారా, నేదా?" అంది.

నేను నోరు తెరిచేలోపు మా అత్తగారు అందుకుంది. "మావోడు ట్రై సేస్తన్నాడే పాపం. దీనికే ఏదో లోటున్నాది. డాక్టర్ల సుట్టూ తిప్పుతానే ఉన్నాడు గదా."

తిప్పుతున్నాడట! నాకు ఒళ్లు మండిపోయింది. క్లాసులో ఆఖరి బెంచీకి వినబడే గొంతు నాది. ఆ గొంతుతోనే అన్నాను.

"నాకే లోటూ లేదని డాక్టరమ్మ రెండేళ్ల కిందటే చెప్పింది అత్తయ్యా. మిగిలింది మీ అబ్బాయికి చెయ్యాల్సిన టెస్టొక్కటే. అరగంట పని. ఆ టెస్టుకి వెళ్లడానికే ఈయన రెండేళ్లుగా ట్రై చేస్తున్నారు."

చిన్నతల్లి గారి చేతిలో చెంచా గాల్లోనే ఆగిపోయింది. దానికోసం పిల్లాడు నోరు తెరుచుకుని కూర్చున్నాడు. గుమ్మం దగ్గర మా ఆయన ఫోను చెవికి పెట్టుకుని "హలో, హలో" అంటున్నారు. అది మోగనే లేదు. ఇక ఈ ఇంట్లో నా పని అయిపోయిందనుకున్నాను.

మా అత్తగారు పీట మీంచి లేచింది. "ఒరే సాయీ, ఏటి టెస్టురా?"

"అదేనమ్మా... సూస్తన్నాను... వీలు సూసుకుని..."

"రెండేళ్లా? ఒరే, నీకు గుంటలు పుట్టాలని నాను ఆదోరం ఆదోరం ఉప్పు మానేసినాను. మీరందరూ ఆవకాయ కలుపుకుని తింతంటే నాను సప్పిడి కూడు తిన్నాను. అరసవిల్లి సూరీబాబు గుడి సుట్టూ ఎండలో తిరిగి కాల్లు బొబ్బలెక్కిపోనాయి. అరగంట పనికి నీకు కాల్లు రానేదేట్రా? ఇంట్లో ఉన్నోల్లకి సరే, సూరీబాబుకి కూడా కోడలిదే లోటని అబద్దం ఆడించినావు గదరా నాసేత!"

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామని చూస్తే, అటు దీపిక పమిట నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. ఇద్దరం పకపకా నవ్వేశాం.

ఆ వారంలోనే అత్తగారు కొడుకుని వెంటబెట్టుకుని విశాఖ బయల్దేరింది. "ఇవాళ వర్జ్యం ఉందే" అని ఆయనంటే, "నీ మొకం వర్జ్యం" అంది. ఆమదాలవలస స్టేషన్లో బండెక్కే ముందు ఆయన నాకు ఫోన్ చేసి, "నువ్వూ రావాల్సింది, నాకెందుకో భయంగా ఉంది" అన్నారు. ఆయన గొంతు విని జాలేసింది. జాలి పడ్డాను గానీ వెళ్లలేదు. బడికి సెలవు, ఇల్లు ఖాళీ. పెసరట్టు వేసుకుని, వేడివేడిగా, పొయ్యి పక్కనే నిలబడి తిన్నాను. ఇంకో అట్టు కూడా నాకే వేసుకున్నాను.

తింటూ ఆలోచించాను. అత్తగారికి మనవడు కావాలి. మా ఆయనకి స్నేహితులందరికీ ఉన్నారు కాబట్టి కావాలి. చిన్నతల్లి గారికి కావాలి. మరి నాకో? ఎనిమిదో తరగతి పిల్లలంటే నాకు ప్రాణం. సాయంత్రం గంట కొట్టి వాళ్లంతా వెళ్లిపోతే హమ్మయ్య అని ఊపిరి పీల్చుకునేదాన్నీ నేనే. అసలు నీకు కావాలా అన్న ప్రశ్నే ఇన్నాళ్లూ ఎవరూ నా దగ్గరికి తేలేదు.

మధ్యాహ్నం అత్తగారు ఫోన్ చేసింది. "అయిపోనాదే అనూరాధా. బేగీ అయిపోనాది. సాయంత్రం రిపోర్టు వస్తాదట. దేముడికి దీపమెట్టు."

"అత్తయ్యా, రిపోర్టు ఎలా వచ్చినా సరే, అది చూసి మీరంతా మళ్లీ మొదలెట్టకండి. నాకు పిల్లలు కావాలో వద్దో నేనింకా తేల్చుకోలేదు. తేల్చుకున్నాక నేనే చెబుతాను."

అవతల ఆసుపత్రిలో ఎవరి పేరో పిలుస్తున్నారు. తిడుతుందని ఫోను చెవికి కాస్త దూరంగా పెట్టుకున్నాను. ఆవిడ మాత్రం ఎన్నడూ వినని చిన్న గొంతుతో అంది.

"నలుగురిని కన్నానే అమ్మా. నన్నెవులూ అడగనేదు."